ఆరు దెబ్బల చుట్టు

“అమ్మా, సోమవారం నాకు కడుపునొప్పి వచ్చిద్దేమో,” అంది ఆరో తరగతి చదివే మా అమ్మాయి, పెరుగన్నం కలుపుతూ. ఆ రోజు శనివారం. నా చేతిలో గరిటె ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత రాబోయే నొప్పి ఇప్పుడే ఎలా తెలుస్తుంది?

అది నిద్రపోయాక దాని బడి సంచి తెరిచాను. సోమవారం లెక్కల స్లిప్ టెస్టు. నోట్సులో ఒకటే లెక్క నాలుగుసార్లు కొట్టేసి ఉంది: సగానికి మూడోవంతు కలిపితే అయిదులో రెండు వంతులట. పోయిన టెస్టు పేపరు మీద నా సంతకం ఉంది. నేను పెట్టింది కాదు.

మార్కులు తగ్గితే కింది సెక్షనుకు మారుస్తారని తెలుసు. నన్ను వణికించింది మాత్రం ఆ సంతకమే. బడికి కాదు, నాకు భయపడి పెట్టింది. “కింది అంకెలకి క.సా.గు. కట్టవే, ఎన్నిసార్లు చెప్పాలి!” అని రోజూ అరిచేదాన్ని. ఎందుకు కట్టాలో డిగ్రీ చదివిన నాకూ తెలియదు.

నరసరావుపేటలో మా ఎదురింటి పిన్ని జాకెట్లు కుడుతుంది. ఆదివారం సాయంత్రాలు డాబా మీద మా సందు ఆడవాళ్ళకు కోలాటం నేర్పుతుంది. నేను కొత్తగా చేరాను. మర్నాడు అమ్మాయినీ, దాని తమ్ముణ్ణీ వెంటబెట్టుకు వెళ్ళాను. లెక్క కుదిరేదాకా పిన్ని పాట పెట్టదు.

“చుట్టుకి ఆరు తాళం దెబ్బలు. సగం చుట్టు లోపలికి నడవండి. మూడోవంతు ఎదురుదానితో కోలలు కొట్టండి. మిగిలిందాంట్లో గిర్రున తిరగండి.”

నేను రెండు అడుగులకే ఆగిపోయి పక్కావిడ కాలు తొక్కాను.

“ఏందమ్మాయ్, డిగ్రీ చదివిన కాళ్ళేనా ఇయ్యి?” అంది పిన్ని. అందరూ నవ్వారు.

“అమ్మా, ఆరులో సగం మూడు! మూడు నడువు, రెండు కొట్టు, ఒకటి తిరుగు,” అని పిట్టగోడ దగ్గర నుంచి మా అమ్మాయి అరిచింది. అంతలోనే దాని మొహం మారింది. “మూడూ రెండూ అయిదు... అంటే ఆరులో అయిదు! నేను అయిదులో రెండని రాశా. అది సగం కూడా కాదు గదా!”

“ఆ అయిదులో రెండు ఎక్కడి నించి తెచ్చావే?” అంది పిన్ని.

“పైవి పైకి, కిందివి కిందికి కలిపా.”

“అట్టా కుడితే జాకెట్టు సంకలో చినిగిద్ది.”

“ఆరే ఎందుకు అమ్మమ్మా? నాలుగు దెబ్బలు పెట్టొచ్చుగా?”

“కొట్టి చూడు.”

అది రెండు కోలలు తీసుకుని నాలుగు దెబ్బల చుట్టు మొదలుపెట్టింది. సగం బాగానే వచ్చింది. మూడోవంతు దగ్గర కోల గాల్లోనే ఆగింది. అక్కడ దెబ్బే లేదు. సగానికీ మూడోవంతుకీ రెండిటికీ దెబ్బ పడాలంటే చుట్టుకి కనీసం ఆరు దెబ్బలైనా ఉండాలి. నేను ఇన్నాళ్ళూ అరిచిన క.సా.గు. ఇదేనా!

మెట్లు దిగుతుంటే నా కొంగు పట్టుకుని, “అమ్మా, ఆ పేపరు మీద సంతకం నేనే పెట్టా,” అంది.

“తెలుసు,” అన్నాను. దాని చెయ్యి వదల్లేదు. శనివారం నుంచీ నా గుండెల మీద ఉన్న రాయి ఆ మెట్ల మీదే దిగింది. ఇంటికొచ్చాక అది రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఈ పొద్దున ఇడ్లీలు పెడుతూ, దానికీ, ఒకటో తరగతి చదివే దాని తమ్ముడికీ చెప్పాను: “నిన్నటి లెక్క నాక్కూడా నిన్ననే అర్థమైంది. ఇన్నాళ్ళూ తెలిసినట్టు అరిచాను, తప్పు నాది. మీకు ఏదన్నా రాకపోతే రాలేదని నాకు చెప్పండి. నాకూ రాకపోతే రాదనే చెబుతాను. ముగ్గురం కలిసి ఎవర్నన్నా అడుగుదాం.”