నాన్న తొక్కిన క్లచ్

మొన్న మధ్యాహ్నం, నేను పనిచేసే కాలేజీ లైబ్రరీ కిటికీ కింద ఎవరో కారు వెనక్కి తీయబోతే, గేరు పడక కర్ర్‌మని చప్పుడు వచ్చింది. చదువుకుంటున్న పిల్లలెవరూ తలెత్తలేదు. నేను మాత్రం పుస్తకం అలాగే పట్టుకుని ఉండిపోయాను. క్లచ్ కారు మీద డ్రైవింగ్ నేర్చుకున్న మన వయసు వాళ్లకు ఆ చప్పుడు కొత్తేమీ కాదు. కానీ ఒక వానాకాలమంతా నేను దాని కోసం చెవులు రిక్కించుకుని, అది రాకూడదని కోరుకుంటూ గడిపాను.

అప్పటికి విజయవాడలో ఈ ఉద్యోగం కొత్త. శని, ఆదివారాలు పామర్రులో ఇంటి దగ్గర గడిపి, సోమవారం పొద్దున్నే నాన్న పాత కారులో హాస్టలుకు వచ్చేదాన్ని. బస్సులో వెళ్తానంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. తెరిచిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ వరిచేలు చూస్తూ, నాన్న చెప్పే పంట కబుర్లు వింటూ వెళ్లే ఆ ప్రయాణం వారం మొత్తంలో నాకు ఇష్టమైనది. ఆ వానాకాలం అది కాస్తా చెడింది. ఆగిన కారును మొదటి గేరులో వేయబోతే చప్పుడు, రివర్సులో అయితే మరీ ఘోరం. ఒకసారి ఉయ్యూరు సెంటర్లో గేరు పడక కారు అడ్డంగా నిలిచిపోతే, వెనక లారీ హారను మోగినంతసేపూ నాన్న చెవులు ఎర్రబడి ఉండటం చూశాను. ఆ తర్వాత దారిలో పేజీ ఒక్కటీ తిప్పలేదు.

మా మేనమామ కారణం ఇట్టే తేల్చేశాడు.

"అమ్మాయి నేర్చుకున్న బండి గదా బావా, తొక్కి తొక్కి క్లచ్ అరగదీసుంటది."

"నువ్వు నేర్చుకున్నప్పుడు మా ప్రహరీ గోడే పోయింది. దీనివల్ల క్లచ్చేగా, పోనీలే," అన్నారు నాన్న.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నావల్లే పాడైందన్న దిగులు పట్టుకుంది.

ఒక సోమవారం సెలవు పెట్టి నాన్నతో ఆటోనగర్ వెళ్లాను. క్లచ్ సరిగ్గా వదలకపోతే సాధారణంగా కేబులు సాగి ఉంటుందని, లేదా లోపలి ప్లేటు వంగి ఉంటుందని మెకానిక్ చెప్పాడు. కేబులు చూస్తే బాగానే ఉంది. "ఇంజను తిరుగుతుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, క్షణం ఆగి రివర్స్ వేస్తే తెలిసిపోద్దండి. లోపల వదలకపోతే అరుస్తుంది," అని తనే కూర్చుని వేశాడు. గేరు మెత్తగా పడింది. మళ్లీ వేశాడు, మళ్లీ అంతే. నా గుండెల మీద బరువు దిగిపోయినట్టయింది.

"మీరోసారి వెయ్యండి బాబాయ్," అన్నాడు.

నాన్న ఎక్కి కూర్చుని తొక్కారు. కర్ర్‌మంది.

"చివరిదాకా తొక్కండి."

"తొక్కే ఉన్నానయ్యా. ఇంకా తొక్కితే కాలు రోడ్డు మీద ఆనుద్ది."

మెకానిక్ నవ్వుతూ వంగి చూశాడు. లేచేటప్పటికి ఆ నవ్వు లేదు. పెడలు ఇంకా రెండు వేళ్ల మందం కిందికి వెళ్లాల్సి ఉంది. తెరిచిన తలుపు పక్కన నిలబడి ఉన్న నాకు అప్పుడు కనిపించింది, నేల మీద నాన్న ఎడమ కాలి చెప్పు. కారెక్కేటప్పుడు జారిపోయింది. ఆయన ఒట్టి పాదంతో పెడలు తొక్కుతున్నారు, ఆ సంగతి ఆయనకు తెలియదు. అంతవరకూ క్లచ్ పాడవకుండా ఉంటే చాలనుకున్నదాన్ని, అది పాడై ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

"నాన్నా, చెప్పు జారింది," అన్నాను.

ఆయన కిందికి చూసుకుని, పాదాన్ని చేత్తో తడిమారు, ఎవరిదో అన్నట్టు. ఆయనకు షుగరుందని ఇంట్లో అందరికీ తెలుసు. అది కాళ్లదాకా వచ్చిందని ఎవరికీ తెలియదు. దిగి, తాళాలు నా చేతిలో పెట్టారు.

ఆసుపత్రికి నేనే నడిపాను. డాక్టరుగారు నాన్నను కళ్లు మూసుకోమని, సన్నటి దారం లాంటిదాన్ని అరికాలికి ఆనించి, తగిలినప్పుడు చెప్పమన్నారు. ఆనించారు, తీశారు, మరోచోట ఆనించారు. నాన్న కళ్లు మూసుకుని, చెప్పడానికి సిద్ధంగా, ఎంతో శ్రద్ధగా ఎదురుచూస్తూ కూర్చున్నారు. పుండు పడకుండా చూసుకుంటే కాలికి ప్రమాదం లేదన్నారు డాక్టరుగారు. కారు నడపడం మాత్రం ఇక వద్దన్నారు.

ఆ తర్వాత సోమవారాలన్నీ నేనే నడిపాను; కారు నా దగ్గరే ఉంచి, ఆయన బస్సులో ఇంటికి వెళ్లేవారు. పక్క సీట్లో కూర్చున్న నాన్న, ఇంజను గొంతు మారగానే నాకంటే ముందే ఎడమ కాలితో నేలను నొక్కేవారు. ఆయన కాలు కదిలిందంటే నేను గేరు మార్చాలని అర్థం. అలా ఇద్దరం కలిసే నడిపాం.

కిందటేడు ఆ కారు తీసేసి క్లచ్ లేనిది కొన్నాం. నడపడం హాయిగా ఉంది, కాదనను. గేర్లు ఎప్పుడు మారతాయో లోపల ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. నాన్న ఎడమ కాలు మాత్రం కంకిపాడు దాటినా, విజయవాడలోకి వచ్చినా, నేలకు కాస్త ఎత్తున అలాగే ఆగి ఉంటుంది.