ఆఖరి మనిషి వచ్చాకే బూరెలు

ఈ ఏడు సిరిమాను పండుగనాడు పొద్దెక్కాక మా అమ్మాయి రాజాం నుంచి ఫోన్ చేసింది. "బస్సుల్లో కాలెట్టడానికి లేదమ్మా. వానైనా సరే, బండి మీద బేగి వచ్చేస్తాను. నేనొచ్చాకే బూరెలు వెయ్యండి" అంది. పక్కన పూర్ణం ఉండలు చేస్తున్న మా మేనత్త చెయ్యి ఆగిపోయింది.

మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను అంటే ఇల్లిల్లూ చుట్టాలే. మా ఇంట్లో ఇంకో పట్టింపు ఉండేది. ఆఖరి మనిషి గడప దాటేదాకా బూరె నూనెలో పడకూడదు. చల్లారిన బూరె పెడితే చుట్టాన్ని చిన్నచూపు చూసినట్టేనని మా నాయనమ్మ శాసనం. ఆ ఆఖరి మనిషి ఎప్పుడూ మేనత్త భర్త, మా మావయ్యే. సాలూరులో లారీ డ్రైవరు. ఆయన కోసం చూసి చూసి పిల్లలం పులిహోర గిన్నె చుట్టూ పిల్లుల్లా తిరిగేవాళ్ళం. తీరా వచ్చి, తీరిగ్గా కాళ్ళు కడుక్కుని, వేడి బూరెకి బొటనవేలితో గుంట చేసి, "పొయ్యండే నెయ్యి, లోభం సెయ్యకండి" అనేవాడు మహానుభావుడు.

సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో ఒక పండుగకి, రాయపూర్‌లో లోడు దించి తిరిగొస్తూ, కొండల్లో ఘాటీ రోడ్డు దిగేముందు సుంకి ఊరి దగ్గర ఆగి ఫోన్ చేశాడు. నిద్ర లేదనీ, కళ్ళు మూసుకుపోతున్నాయనీ, ఓ గంట పడుకుని వస్తాననీ, మమ్మల్ని తినెయ్యమనీ చెప్పాడు. అత్త నవ్వుతూనే, "నువ్వొచ్చీదాకా మూకుడెక్కించను. అందరూ ఆకల్తో ఉన్నారు, బేగి రా" అంది. ఏటా అనే మాటే. మావయ్య పడుకోలేదు. ఘాటీ మలుపులో లారీ లోయలో పడిపోయింది. కబురు వచ్చేసరికి బూరెల పిండి పులిసిపోయింది. దాన్ని పెరట్లో పారబోసింది కూడా అత్తే.

"నేనే పిలిసి సంపీసినాను" అనేది. కాదని ఎంత చెప్పినా వినేది కాదు. నాకా పట్టింపు మీద ఒళ్ళు మండేది, కానీ చచ్చిపోయిన నాయనమ్మతో ఏం దెబ్బలాడతాం. ఇంట్లో బూరెలే మానేశాం. ఈ ఏడు మా అమ్మాయి బతిమాలితే అత్త మళ్ళీ పప్పు నానబోసింది.

ఇప్పుడామె పూర్ణం అంటిన చేత్తోనే నా దగ్గర్నుంచి ఫోన్ లాక్కుంది.

"మేం తినీసినాం తల్లీ. నీ వాటా మూతెట్టి ఉంచినాం. వాన తగ్గాక బస్సులోనే రా. సల్లారిపోయినా పర్లేదు" అంది.

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. అవతల ఫోన్ పెట్టేశాక కూడా అత్త దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది. మావయ్య అడిగిన ఆ ఒక్క గంట మా ఇంట్లో దొరకడానికి ఇన్నేళ్ళు పట్టింది.