తీరం దాటిందని చదివిన పొద్దు

నా తెలుగు మీద నాకు భలే పొగరుండేది. సముద్రానికి దూరంగా లోపలి పల్లెలో, వరి పండించే ఇంట్లో, వద్దనడానికి ‘పోబాక’, ‘రాబాక’ అంటూ పెరిగినదాన్ని. రేడియోలో అనౌన్సరుగా చేరిన కొత్తలో ఒకసారి మైకు ముందు ‘మరిచిపోబాకండి’ అని నోరు జారాను. మా డ్యూటీ ఆఫీసరుగారు వారం రోజులు అదే మాటతో నన్ను పలకరించారు. ఒళ్ళు మండిపోయింది. పంతం పట్టి యాస మొత్తం వదిలించుకున్నాను.

చాలా ఏళ్ళ తరవాత ఒక కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు. నాలుగో రోజు పొద్దున నేను స్టూడియోకి వెళ్ళేసరికి వాన తెరిపిచ్చింది. వాతావరణ శాఖ నుంచి వచ్చిన కాగితం చూసి నేనే వార్త రాసుకుని చదివాను. ‘వాయుగుండం ఈ తెల్లవారుజామున తీరం దాటింది’ అన్నది మొదటి వాక్యం. తరవాత రైతులకు సూచనలు: నారుమళ్ళలో నీళ్ళు తీసేయండి, కాలవ గట్లు చూసుకోండి, ఎరువు ఇప్పుడే చల్లకండి. చివర్లో ‘మత్స్యకారులు రేపటి వరకు వేటకు వెళ్ళరాదు’. రైతు బిడ్డను కదా, నాకు ముందు మళ్ళే గుర్తొచ్చాయి. ఆ వరస ఎవరూ చెప్పింది కాదు, నేను పెట్టిందే.

గంటన్నర తరవాత రైతులతో ఫోన్ కార్యక్రమం. ఒకాయన అగ్గితెగులు గురించి అడిగాడు, ఇంకొకాయన విత్తనాల గురించి. మూడో ఫోను ఒక ఆడమనిషిది. బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరంది.

“అక్కా, గాలి మళ్ళా లేచిందే! గుండం పోయిందని చెప్పినారే మీరు!”

“ఇది వ్యవసాయ కార్యక్రమమమ్మా. పంటల సంగతేమైనా ఉంటే అడగండి” అన్నాను. విసుక్కుంటూనే అన్నాను. అబద్ధమెందుకు?

“నాకు పంటల్లేవక్కా. మా ఆయనా మా తమ్ముడూ రెండు పడవలేసుకుని పోయినారు. తీరం దాటిందని నువ్వేగా చెప్పినావు? ఆ మాట వినంగానే రేడియో తీసుకుని పరిగెత్తినారు, లోపల వేసిన వలలు కొట్టుకుపోతాయని.”

“దాటిందంటే భూమి మీదికి వచ్చిందనమ్మా!”

“అదేందక్కా! మా పడవ ఒడ్డు దాటిందంటే లోపలికి పోయినట్టే గదా? గుండం కూడా అట్టనే పోయిందనుకున్నాం.”

ఎన్నేళ్ళుగా చదువుతున్నానా మాట! మా నాన్నకు అది వానొస్తుందన్న కబురు. అదే మాట వీళ్ళకు పోయి రమ్మన్నట్టు వినపడింది. ఓరి దేవుడా, చివర పెట్టిన ఆ హెచ్చరిక వినేదాకా వాళ్ళెందుకు ఆగుతారు? ముందు వచ్చినవన్నీ నారుమళ్ళ ముచ్చట్లే కదా.

“వాళ్ళకు ఫోన్ చేశావా?”

“కలవడంలా. మా ఆయన కాడ రేడియో ఉంది, సద్ది పక్కన పెట్టుకుని పాటలు వింటాడు. మా తమ్ముడి కాడ లేదు.”

అద్దం అవతల డ్యూటీ ఆఫీసరుగారు ఏదో సైగ చేస్తున్నారు. నేను అటు చూడలేదు. “అన్నా, కడలి మీదున్న అన్నా, గుండం పోలా! మన నెత్తినే ఉంది. వలలు పోతే పోనీ, లోపలికి పోబాకండి. పక్క పడవనీ కేకేసుకుని ఒడ్డుకు రాండి!” అని మైకులో అరిచాను. కార్యక్రమం అయ్యేదాకా అదే చెప్పాను. ఆఫీసరుగారు లోపలికి వచ్చి మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు.

మర్నాడు అదే వేళకు ఆమె మళ్ళీ ఫోన్ చేసింది.

“మా ఆయన వచ్చినాడక్కా. నీ మాటిని పడవ తిప్పుకున్నాడంట.”

నాకు ఏడుపొచ్చేసింది. “మీ తమ్ముడో?” అన్నాను.

“రాలా. ఈయన కేకలేసినాడంట. గాలికి వినపడలేదంట.” “నిన్న చెప్పినట్టే ఇయ్యాల గూడా చెప్పక్కా. మా తమ్ముడికి చెప్పు.”

“అతని దగ్గర రేడియో లేదన్నావు కదమ్మా” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“లేదు, నాకు తెల్సు. అయినా చెప్పు.”

చెప్పాను. “ఒడ్డుకు రా నాయనా, మీ అక్క కనిపెట్టుకుని ఉంది” అన్నాను. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు రాలేదు.

“ఇంకోసారి చెప్పక్కా” అంది.