ఏడు నుంచి ఎనిమిది దాకా

మా ఇంటి ఇంటర్నెట్ డబ్బా వెనక అంటించిన కాగితం మీద చిన్న అక్షరాలతో ఒక చిరునామా, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. ఫోన్‌లో ఆ చిరునామా కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. తాండూరులో మా గల్లీలో ఇంట్లోపల సిగ్నల్ రాదు. బయటివాళ్ల మాట మాకు చేరాలంటే ఆ డబ్బా వెలుగుతూ ఉండాలి. ఆ సంగతి తెలిసే నేను ఆ పని చేశాను.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై శ్రమ దినాలు మొదలైన బుధవారం అది. అంతకుముందు వారం నేను బైబిల్ వాక్యం చదువుతుంటే మా బిడ్డ ఒళ్లో ఫోన్ పెట్టుకుని నవ్వింది. అందుకని ఆ నలభై రోజులూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా, కుటుంబ ప్రార్థన జరిగినంతసేపూ, ఇంట్లో ఏ ఫోనూ మోగనివ్వనని దేవునికి మొక్కుబడి చేసుకున్నాను. డబ్బా స్విచ్ తీసేస్తే ఎవరో ఒకరు మళ్లీ వేస్తారు. సెట్టింగుల్లోకే పోయి, షెడ్యూల్ అనే చోట నెట్ ఆగిపోవాల్సిన గంటలు నింపి, వారంలోని ఏడు రోజుల ఎదుటా ఏడు టిక్కులు పెట్టి సేవ్ నొక్కాను.

"డాడీ, వైఫై బంద్ చేస్తెనే దేవునికి ఇనబడ్తదా?" అంది బిడ్డ.

"దేవునికి ఎప్పుడూ ఇనబడ్తది. నీకే ఇనబడ్తలేదు."

సంఘంలో పెద్దని నేను. ఆ జవాబు నాకే బాగా నచ్చింది.

మా అక్క వికారాబాద్‌లో కూతురి ఇంట్లో ఉండేది. ఆరోగ్యం ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం రైలెక్కి వచ్చి మా ప్రార్థనలో కూర్చునేది. పాట ఎత్తుకునేది ఆమే, మేం అందుకునేవాళ్లం. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక, రోజూ ఆమె జాగాలో ఫోన్ నిలబెట్టేవాళ్లం. వీడియోలో దగ్గుతూనే పాట ఎత్తుకునేది.

షెడ్యూల్ పెట్టిన మరునాడు పొద్దున ఫోన్ చేసింది. "నిన్న శానసార్లు కొట్టిన తమ్మీ. కలుస్తలేదు."

మొక్కుబడి సంగతి చెప్పాను.

"మంచిదే. గని శనివారం ఒక్కటి ఇడువరాదు? పాట పాడుకుంట. నడుమ మాట్లాడ."

"దేవునికి ఇచ్చిన మాట అక్కా. నలభై దినాలే గద. ఈస్టర్ నాడు మేమే వస్తం నీ దగ్గరికి."

"సరె తియ్యి. చిన్నప్పటి సంది మొండోనివే," అని నవ్వబోయి దగ్గింది.

నా భార్య మాత్రం ఊరుకోలేదు. "ఒక్క టిక్కు తీస్తె ఏం బోతది? ఆమెకు దినాలు ఎన్నున్నయో నీకు ఎర్కనా?"

ఒక్క రోజు కూడా తగ్గించనన్నాను. ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినాన గొర్రె గుంటలో పడితే పైకి తీస్తారా తీయరా అన్న పాఠం సండే స్కూల్లో ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి. పిల్లలంతా "తీస్తం" అని అరిచేవారు.

మూడో వారంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం అక్క పోయింది. మా ప్రార్థన గంట కాదది. ఆ మాట చెప్పుకుని కొంచెం నెమ్మది పడదామనుకున్నాను. సమాధి దగ్గర నుంచి మేనకోడలి ఇంటికొచ్చాక ఆమె నా పక్కన కూర్చుంది.

"రోజు ఏడు గాంగనె ఫోన్ తెమ్మంటుండె మామా. కలువదమ్మా, మామ బంద్ పెట్టిండు అంటె ఇనకపోతుండె. మామ మనసు మారిందేమో, జర కొట్టి సూడు బిడ్డా అంటుండె. కలువకుంటె, ఇప్పుడు గీ పాటకు వచ్చి ఉంటరు అనుకుంట ఒక్కతే పాడుతుండె."

నన్ను నొప్పించాలని అనలేదు. తల్లి జ్ఞాపకంగా చెప్పుకుంది. ఆ మూడు వారాలూ మేం పాట పాడనే లేదు. ఎత్తుకునేవాళ్లు లేక, వాక్యం చదివి మోకరించి లేచేవాళ్లం. ఆ మాట మేనకోడలికి చెప్పలేకపోయాను.

ఆ శనివారం సాయంత్రం మా ఇంట్లో సెట్టింగుల పేజీ తెరిచాను. ఏడు టిక్కులూ అలాగే ఉన్నాయి. శనివారం ఎదుట ఉన్నది తీసి సేవ్ నొక్కాను. డబ్బా దీపం ఒకసారి ఆరి మళ్లీ పచ్చగా వెలిగింది. నిమిషం పట్టలేదు. ఆ నిమిషం పనిని దేవుని పేరు మీద మూడు వారాలు ఆపాను. పశ్చాత్తాపపడితే ఆయన క్షమిస్తాడని నమ్ముతాను. పునరుత్థాన దినాన అక్కను చూస్తాననీ నమ్ముతాను. ఆమెను క్షమాపణ అడగాలంటే మాత్రం అప్పటిదాకా ఆగాలి.

ఏడు గంటలకు నా భార్య మేనకోడలికి కబురు పెట్టి, చాప పరిచి, అక్క జాగాలో ఫోన్ నిలబెట్టింది. అది మోగింది. మేనకోడలు. అక్క పడుకునే ఖాళీ మంచం మీద ఆమె కూర్చుని ఉంది.

"పాట ఎత్తుకో మామా."

నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ ఆమె వెనక పాడినవాణ్ణే. నేను భార్య వైపు చూశాను. ఆమె తల వంచుకుంది. బిడ్డ తన ఫోన్ ఎప్పుడో ఆర్పేసి చేతులు జోడించుకుని ఉంది. అటువైపు మేనకోడలు ఎదురుచూస్తోంది.

ఎవరమూ పాట ఎత్తుకోలేకపోయాం. ఎనిమిది దాకా ఫోన్ మాత్రం కలిసే ఉంది.