రెక్కలు ఊపని ఆదివారం

మా మామయ్యకు మూతపడటం తెలియని నోరు ఉండేది. వెక్కిరింపుగా అంటున్న మాట కాదు ఇది, ఆయన జీతం ఆ నోటి మీదే వచ్చేది. బస్‌స్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు ఆయనదే. అద్దాల గదిలో కూర్చుని, మైకు మీద జేబురుమాలు కప్పి, రోజంతా ఊళ్ళ పేర్లు చదివేవాడు. ఇంటికొచ్చాకైనా ఊరుకునేవాడా అంటే అదీ లేదు. అమ్మ వంటింట్లోంచి కంచాలు తెస్తుంటే, భోజనానికి వెళ్ళవలసినవారు చేతులు కడుక్కుని సిద్ధంగా ఉండవలసిందని అదే గొంతుతో ప్రకటించేవాడు. అమ్మకు ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నప్పుడు వీడికి మాటలు ఆలస్యంగా వచ్చాయని ఇంట్లో అందరూ దిగులుపడ్డారట. అంత దిగులూ దండగైపోయిందని అమ్మ వాపోయేది.

నాన్న దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆయనతో ఒక మాట పలికించేసరికి మాకు తల ప్రాణం తోకకొచ్చేది. ఊరి చివర ఉన్న ఫ్లయింగ్ క్లబ్బులో పిల్లలకు విమానం నడపడం నేర్పేవాడు. అక్కడే ఆయన వయసుకు కాస్త అటూ ఇటూగా ఉన్న ఒక రెండంతస్తుల రెక్కల చిన్న విమానం ఉండేది. పైకప్పు లేని విమానం అది, తల బయటికి కనిపిస్తుంది. సెలవు రోజుల్లో క్లబ్బువాళ్ళు ప్రదర్శన పెడితే నాన్న దానిలో గిరికీలు కొట్టేవాడు. కింద మైకు పట్టుకుని ఆ గిరికీల గురించి చెప్పే పని మామయ్యది. అంతకుముందు ఆ పని చేసినాయన విమానం పొడవూ బరువూ కాగితం చూసి చదివితే జనం ఆవులించేవారు. మామయ్య వచ్చాక కొందరు విమానం కోసం కాక ఆయన కోసమే వచ్చేవారు. ఈ సంగతి నాన్నకు చెబితే, మంచిదే అనేవాడు. అంతే.

వాళ్ళిద్దరి ప్రదర్శనలో అందరికీ నచ్చేది ఇంజను ఆగిపోయే నాటకం. నాన్న బాగా పైకి వెళ్ళి ఇంజను చప్పుడు తగ్గించేసేవాడు. కింద మామయ్య కంగారు నటించేవాడు. బావా, పెట్రోలు కొట్టించావా లేదా, అప్పుడే చెప్పానుగా అప్పు తీసుకోమని, అంటూ మొదలుపెట్టేవాడు. విమానం గిరగిరా తిరుగుతూ కిందికి జారేది. జనం అబ్బో అని గుండెలు పట్టుకునే లోపు ఇంజను మళ్ళీ గర్జించేది, విమానం పైకి లేచేది, చప్పట్లు మోగేవి.

నాటకానికి ముందు నాన్న రెక్కలు ఒకసారి అటూ ఇటూ ఊపాలి. ఊపితే నాటకం, ఊపకపోతే నిజం. ఈ గుర్తు వాళ్ళిద్దరి మధ్య మాట. మూడో మనిషికి తెలియదు. మైదానం అంచున నిలబెట్టే ఫైరింజను వాళ్ళకైనా చెబుదామని మామయ్య ఒకసారి అన్నాడు. చెబితే వాళ్ళు తాపీగా కూర్చుంటారు, వాళ్ళు ఉలిక్కిపడితేనే జనం ఉలిక్కిపడతారని నాన్న వద్దన్నాడు. మొదట్లో వాళ్ళు నిజంగానే ఉలిక్కిపడేవారు. కొన్నాళ్ళకు అలవాటైపోయి, టీ గ్లాసులు చేతిలో పట్టుకుని నవ్వుతూ చూసేవారు. అప్పుడైనా చెప్పాలని ఈ ఇద్దరు మహానుభావుల్లో ఒక్కరికీ తోచలేదు.

మామయ్యకు తన పనిలో ఒక పద్ధతి ఉండేది. ఆకాశం చూసి మాట్లాడేవాడు మైకుకు పనికిరాడని ఆయన సిద్ధాంతం. జనం మొహాలు చూస్తూ మాట్లాడాలి, విమానం ఎక్కడుందో ఆ మొహాలే చెబుతాయి. అందుకని బల్లను జనానికి ఎదురుగా వేయించుకుని, ఆకాశానికి వీపు పెట్టి నిలబడేవాడు. రెక్కలు ఊపే సమయానికి మాత్రం మెడ తిప్పి చూసేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మెడ తిప్పడం కూడా మానేశాడు. బావ ఏనాడైనా ఊపడం మర్చిపోయాడా, చూడటానికి.

ఆ ఆదివారం అమ్మా నేనూ ముందు వరసలోనే కూర్చున్నాం. ఎండ బాగా ఉంది. నాన్న గిరికీలు రెండు కొట్టి మళ్ళీ పైకి ఎక్కుతున్నాడు. నాటకం ఇంకా కొంచెం తర్వాత రావాలి. చప్పుడు ముందుగానే ఆగింది. జనం మొహాలు పైకి లేచి, నోళ్ళు తెరుచుకోవడం మామయ్య చూశాడు. బావ ఇవాళ కాస్త తొందరపడ్డాడనుకున్నాడు. ఎప్పుడూ చెప్పే పెట్రోలు జోకు కాకుండా, అప్పటికప్పుడు నోటికొచ్చింది ఒకటి అందుకున్నాడు.

"కంగారు పడకండి. మా అక్క కూరగాయలు తెమ్మంది, మా బావ మర్చిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. అందుకని దగ్గరి దారిలో దిగుతున్నాడు."

మైదానమంతా పగలబడి నవ్వింది. అందరూ అమ్మ వైపు చూసి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. విమానం మా వైపే దిగుతూ వచ్చి, ఒక్కసారిగా పక్కకు ఒరిగి, కంచె దాటి, అవతల దున్నిన పొలంలోకి వెళ్ళి ముక్కు మీద పడింది. జనం చప్పట్లు కొట్టారు. ఫైరింజను వాళ్ళు కూడా కొట్టారు.

అప్పుడు తిరిగాడు మామయ్య. తిరిగి చూసి, నిజంగా పడిపోయింది, నిజం చెబుతున్నానని మైకులోనే అన్నాడు. జనం ఇంకా గట్టిగా నవ్వారు. ఎవరైనా సాయం రండని అడిగాడు. దానికీ నవ్వారు. అంత బాగా నవ్వించగలిగిన మనిషి, నవ్వొద్దని చెబితే ఎవరూ వినలేదు. మైకు బల్ల మీద పారేసి పొలం వైపు పరుగెత్తాడు. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. మైకు మనిషి మైకు వదిలేసి పరుగెత్తడం చూశాక గాని ఫైరింజను వాళ్ళు గ్లాసులు కింద పెట్టలేదు. అప్పటికి పొగ లేచింది.

నాన్న బతికాడు. ఎడమ పాదం, విమానాన్ని పక్కకు తిప్పడానికి కాళ్ళతో నొక్కే తొక్కుడు పలకల మధ్య ఇరుక్కుపోయింది, మంట అక్కడే మొదలైంది. ఆసుపత్రిలో ఆ పాదాన్ని చీలమండ పైనుంచి తీసేశారు.

నూనె గొట్టం చిట్లి ఇంజను ఆగిపోయిందని విచారణకు వచ్చినవాళ్ళు తేల్చారు. తప్పు ఎవరిదీ కాదు, లోహం అలిసిపోయింది, అన్నారు. ఆలస్యం ఎందుకైందని ఫైరింజను పెద్దాయన్ని అడిగితే ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. మైకులో నవ్విస్తున్నాడండీ, నవ్విస్తున్నంతసేపూ ఆట అనే అనుకున్నాం, అన్నాడు. అందులో చాడీ ఏమీ లేదు, పాపం ఆయన కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయట. తన వంతు కోసం గది బయట బెంచీ మీద కూర్చున్న మామయ్యకు ఆ మాట స్పష్టంగా వినిపించింది.

ఆ రోజు నుంచి ఆయన నోరు మూతపడింది. బస్‌స్టాండులో అడిగి మరీ పార్సిళ్ళ విభాగానికి మారాడు. మూటల మీద అంటించిన చీటీలు చూసి అరల్లో సర్దే పని, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. సాయంత్రం అక్కడి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చేవాడు. స్నానాల గదిలో నాన్న పట్టుకోవడానికి గోడకు ఇనప కడ్డీ బిగించాడు. కట్లు మార్చడం నర్సు దగ్గర నేర్చుకున్నాడు. నాన్నను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవాడు, మళ్ళీ ఎత్తి మంచం మీద పడుకోబెట్టేవాడు. చెయ్యి ఇటు, కాలు అటు, ఇవే మాటలు. ఇద్దరు మాట్లాడని మనుషులు ఒక గదిలో ఉంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. గడియారం మీద కూడా చిరాకొచ్చేది.

ఆయన గొంతులో అడ్డం పడ్డది ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. నీ కాలు నా వల్లే పోయిందా బావా. ఆ ఒక్క ప్రశ్న అడగాలి. అడిగితే జవాబు వస్తుంది, జవాబంటే భయం. ఒకసారి వంటింట్లో అమ్మ దగ్గర, బావ ఏమైనా అన్నాడా అని నసిగాడు. కాళ్ళు రెండూ ఉన్న రోజుల్లోనే ఆయన ఏమీ అనేవారు కాదు, ఇప్పుడేం అంటారని అమ్మ కసిరింది. అమ్మకు కోపం పైకి ఎగిరినవాడి మీదా ఉంది, కింద నవ్వించినవాడి మీదా ఉంది. అన్నిటికంటే ఎక్కువగా, తను కూడా నవ్వినందుకు తన మీదే ఉంది.

నాకైతే నాన్న మీద వచ్చేది. ఈయన కాలు పోగొట్టుకున్నాడు సరే, నోరెక్కడ పోగొట్టుకున్నాడు. నీ తప్పేమీ లేదురా అని ఒక్క ముక్క అంటే మామయ్య ప్రాణం కుదుటపడుతుంది కదా. అంత చిన్న ముక్క ఎందుకు అనడో నాకు అర్థమయ్యేది కాదు. కూరగాయల జోకు మాత్రం నాన్న చెవిన పడకూడదని అమ్మా నేనూ ఒట్టు పెట్టుకున్నంత పని చేశాం. చూడ్డానికి వచ్చినవాళ్ళను కూడా గుమ్మంలోనే ఆపి, ఆ ఊసెత్తొద్దని చెప్పి లోపలికి పంపేవాళ్ళం.

పెట్టుడు పాదం వచ్చిన రోజు మధ్యాహ్నం, నాన్న ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాడు. మామయ్య నేల మీద కూర్చుని ఆ పాదానికి తోలు పటకాలు బిగిస్తున్నాడు. నేను కిటికీ పక్కన బట్టలు మడతపెడుతున్నాను. నాన్న ఉన్నట్టుండి, దగ్గరి దారి అన్నావు కదూ, అన్నాడు.

మామయ్య చేతులు ఆగిపోయాయి. ఎవరు చెప్పారు అన్నట్టు నా వైపు చూశాడు. నేను అడ్డంగా తల ఊపాను.

"ఎవరూ చెప్పలేదు, నేనే విన్నాను" అన్నాడు నాన్న. "ఇన్నేళ్ళలో నువ్వు ఏం మాట్లాడతావో ఒక్కసారి కూడా వినలేదు నేను. ఇంజను మోతలో ఏం వినపడుద్ది? అందరూ బాగా నవ్విస్తావంటే నమ్మాను, అంతే. ఆ రోజు ఇంజను ఆగింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు వినపడ్డావు."

నాన్న అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను ఎన్నడూ చూడలేదు. ఇంకా చెప్పాడు. చిట్లిన గొట్టంలోంచి నూనె ఎగిరి కళ్ళద్దాల మీద పడిందట. కళ్ళద్దాలు తీస్తే కళ్ళలో పడింది. ముందు ఏముందో కనపడలేదు. రెక్కలు ఊపడం కాదు కదా, నేల ఎటుందో కూడా సరిగ్గా తెలియలేదు. అప్పుడు మైకులో కూరగాయల మాట, దాని వెనకే జనం నవ్వు వినిపించాయి. ముందు నుంచి, కాస్త కుడి వైపు నుంచి. జనం ఉన్నది అక్కడని తెలిసి విమానాన్ని ఎడమకు తోసేశాడు.

నేను చేతిలో బట్ట అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఆ ముందు వరసలో మేమున్నాం.

మామయ్య పటకా వదిలేసి తల ఎత్తాడు. ఇన్ని నెలలుగా దాచుకున్నది అడిగేశాడు.

"మరి కాలు, బావా?"

నీ తప్పు లేదని అంటాడని నేను ఎదురుచూశాను. అనమని మనసులో బతిమాలుకున్నాను కూడా.

"కాలు నీ వల్లే పోయింది" అన్నాడు నాన్న. "నవ్వు ఆగుంటే వాళ్ళు ముందే వచ్చేవాళ్ళు. గుర్తు సంగతి వాళ్ళకి చెప్పొద్దన్నది నేను కాబట్టి సగం నాది. మిగతా సగం నీదే. అబద్ధం చెప్పి నిన్ను ఓదారిస్తే నువ్వు నమ్మవు, అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేదు." మళ్ళీ తనే అన్నాడు. "అక్కడ మీ అక్క ఉంది, పిల్ల ఉంది. నువ్వు ఆ ముక్క అనకుండా ఉంటే నేను ఎటు తిప్పేవాణ్ణో నాకు తెలీదు. అది కూడా నీ వల్లే. రెండూ నీవే. ఒకటి తీసుకుని ఒకటి వదిలేస్తానంటే కుదరదు."

మామయ్య నాన్న మోకాలి మీద తల ఆనించి ఏడ్చాడు. ఏడుపు కూడా పైకి వినపడలేదు, భుజాలు కదలడం కనిపించిందంతే. నాన్న ఆయన తల మీద చెయ్యి వేసి ఉంచాడు. అమ్మ ఎప్పుడు వచ్చిందో, వంటింటి గుమ్మం దగ్గర తడిచేతులతో నిలబడి ఉంది. లోపలికి రాలేదు, వెళ్ళనూ లేదు. నాన్న ఆ చిన్న ముక్క ఎందుకు అనలేదో నాకు అప్పుడు అర్థమైంది. అంత తేలిక మాటతో మామయ్య బతికేవాడు కాదు.

కాసేపటికి మామయ్య చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, మిగిలిన పటకా బిగించాడు. బిగువు సరిపోయిందా లేదా అని వేలు దూర్చి చూశాడు. నాన్న ఆయన భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. కొత్త పాదం మీద బరువు వేయడానికి భయపడి, కొంచెం వేసి, ఇంకొంచెం వేశాడు. ఇద్దరూ కలిసి వీధి గుమ్మం వైపు నడిచారు.

"మెల్లగా బావా" అన్నాడు మామయ్య. "గడప ఉంది, చూసుకో. ముందు మంచి కాలు ఎత్తు. కంగారేం లేదు, మనకి బస్సేం వెళ్ళిపోవడం లేదు."

నాన్న నవ్వాడు. నవ్వుతూనే గడప దాటాడు.