దొంగను పట్టలేని మామగారు

మామగారికి అసలు దొంగ తప్ప అందరూ దొంగల్లాగే కనిపిస్తారు. ముప్పై ఏళ్లు రైళ్లలో టికెట్ కలెక్టరుగా చేసిన మనిషి, ఆదివారం మధ్యాహ్నం కుటుంబమంతా ఎవరింట్లో వాళ్లు ఫోన్లలో వీడియో పెట్టుకుని ఆడే ఆటలో ఒక్క దొంగనైనా పట్టిన పాపాన పోలేదు.

ఆట చిన్నదే. ఫోను రహస్యంగా ఒకరిని దొంగను చేస్తుంది. అందరూ ఒకరినొకరు గుచ్చి గుచ్చి అడుగుతారు. చివరికి పోలీసు ఒకరిని చూపించాలి. తప్పు మనిషిని చూపిస్తే దొంగ గెలిచినట్టు. పాత ఉద్యోగానికి మర్యాదగా పోలీసు పదవి మామగారికే ఇచ్చారు. దానికోసం ఆయన వారం వారం యూనిఫాం కోటు ఇస్త్రీ చేయించి మరీ తొడుక్కునేవారు. కింద పైజామాయే అనుకోండి, అది వీడియోలో కనపడదు.

ఒకసారి పంతులమ్మ అయిన ఆడపడుచు దొంగయింది. నవ్వాపుకోలేక మంచం మీంచి జారిపడింది. "పాపం, పిల్లకు పొలమారింది" అంటూ మామగారు పక్కనే నిద్రపోతున్న అల్లుడిని అరెస్టు చేశారు.

"నేనేం చేశాను మామయ్యా?" అన్నాడతను కళ్లు నులుముకుంటూ.

ఆ ఆదివారం మాత్రం పళ్ల డాక్టరైన పెద్దకొడుకు పట్టుబట్టాడు. "నాన్నా, ఇదే ఆఖరు. ఈసారి కూడా తప్పితే వచ్చే వారం నుంచి పోలీసు నేనే."

"అలాగే కానీయరా" అన్నారు మామగారు. కోటు కాలరు సర్దుకున్నారు.

సరిగ్గా అప్పుడే కొత్త కోడలి ఫోనులో "నువ్వే దొంగ" అని వచ్చింది.

కోడలికి పెళ్లయి రెండు నెలలు. అత్తింటివాళ్ల ముందు ఆమె ఇంతవరకూ "బాగున్నానండి" తప్ప మరో మాట గట్టిగా అన్నది లేదు. దొరికితే ఈ పిల్ల అబద్ధాలూ ఆడుతుందా అనుకుంటారు. దొరక్కపోతే మామగారి పదవి ఊడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భయానికి వీడియో కట్టేసింది.

"ఏమ్మా, కనిపించట్లేదేం?" అన్నాడు డాక్టరు.

"నెట్... నెట్ సరిగ్గా లేదు బావగారూ."

వెంటనే ఆమెకొక్కదానికే మామగారి మెసేజి వచ్చింది. "వీడియో పెట్టు తల్లీ. టికెట్ లేనివాళ్లే బాత్రూంలో దాక్కుంటారు. నేను చూసుకుంటాను."

ఆమె వీడియో పెట్టింది. మామగారు గొంతు సవరించుకున్నారు. "దొరికాడు దొంగ! మన పళ్ల డాక్టరే!"

"నేను కాదు! అయిపోయింది నాన్నా, కోటు విప్పేయ్."

అందరూ పడీ పడీ నవ్వారు. మామగారూ నవ్వుతూనే పై గుండీ విప్పారు.

"విప్పకండి!" ఆ అరుపు తనదేనంటే కోడలికే నమ్మకం కలగలేదు. "దొంగను నేనే. మామయ్యగారు ఎప్పుడో పట్టేశారు." మెసేజి గడగడా చదివేసింది.

డాక్టరు ఫోను దగ్గరకు లాక్కున్నాడు.

"మరి చెప్పలేదేం నాన్నా?"

"ముప్పై ఏళ్లు జనాన్ని పట్టుకుని వాళ్ల మొహాలు వాడిపోవడం చూశానురా. ఆదివారం పూట ఇంట్లోవాళ్లనీ పట్టుకోవాలా? గెలిచినప్పుడు మీ మొహాలు ఎంత బాగుంటాయో మీకేం తెలుసు!"

డాక్టరుకు అప్పుడు తట్టింది. "అంటే... నేను దొంగనై పన్నెండుసార్లు గెలిచానే, అవన్నీ?"

"పదకొండే" అన్నారు మామగారు. "ఒక్కసారి నిజంగానే బోల్తా పడ్డాను."

"ఏది నాన్నా అది?"

"పోలీసు కావాలన్నావుగా, కనిపెట్టు."