షెల్టరు మీద ఉప్పుచేపలు

నేను సర్పంచిగా ఉన్నప్పుడు, కళింగపట్నం దగ్గర మా ఊరి తుఫాను షెల్టరు డాబా మీద ఆడవాళ్లు ఉప్పుచేపలు ఎండబెట్టేవారు. ఉప్పునీరు దిగి స్లాబులోని ఇనుప చువ్వలు తుప్పు పడుతున్నాయని, వెంటనే ఆపించమని ఇంజినీరు హెచ్చరించాడు. ఆపితే ఓట్లు పోతాయని నేను నోరెత్తలేదు.

ఆ ఏడు తుఫానుకు ఊరందరినీ నేనే పిలిచి అందులో కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి గాలి ముదిరింది. మా మేనకోడలు నూకాలు, ఏడుస్తున్న తన పసిపిల్లను ఎత్తుకుని లేచిందో లేదో, స్లాబు పెచ్చు ఊడి ఆ పిల్ల అప్పటిదాకా పడుకున్న చాప మీదే పడింది.

"ఏటి మావా, గట్టి బిల్డింగన్నావు కదా!" అని అరిచింది నూకాలు. ఆ వెంటనే, "ఆ కంట్రాక్టరు సిమెంటంతా మింగేసినాడు. ఆడి సేతులు పడిపోనూ!" అంది.

అందరూ నా వైపు చూశారు.

"అవునే," అన్నాను.

గాలి తగ్గేదాకా కూర్చోలేక, పైకప్పునే చూస్తూ అటూ ఇటూ తిరిగాను. తర్వాత ఊరంతా ఆ కంట్రాక్టరును దొంగ అంది. పత్రికలో ఈ పేజీ మా ఊళ్లోనూ చదువుతారు కాబట్టి రాస్తున్నాను: ఆయన గట్టిగానే కట్టాడు. పాడుచేసింది నేను.

ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది. దారిలో కనిపిస్తే "తాతా!" అంటూ నా వేలు పట్టుకుంటుంది. ఏదో పనుందని చెప్పి విడిపించుకుని వచ్చేస్తాను.